సీఎస్ఈ సీటు వస్తుంది, పిల్ల బీఏ అంటోంది, ఇంట్లో యుద్ధం

కావలి కుర్రోడు
మా అక్క కూతురికి ఇంటర్ ఎంపీసీలో 968 వచ్చాయి. ఈఏపీసెట్ ర్యాంకు కూడా పర్లేదు, ఒంగోలు దగ్గర ఒక కాలేజీలో సీఎస్ఈ ఖాయం అంటున్నారు. వెబ్ ఆప్షన్లు పెట్టుకోమని నా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టా. కూర్చుని, "మామయ్యా, నేను బీఏ చదువుతా" అంది. హిస్టరీ, పాలిటిక్స్ అట.

మా బావకి కావలిలో హార్డ్‌వేర్ షాపు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. "నువ్వే చెడగొట్టావు, ఆ పుస్తకాలన్నీ తెచ్చిచ్చి" అని అక్క నన్ను దులిపేస్తోంది. నేను తెచ్చిచ్చింది రెండే రెండు పుస్తకాలు. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా, ఇప్పుడు ఇంటి నుంచే పని. పిల్ల పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది. మొన్న అడిగింది: "యాప్ పనిచేస్తోందా లేదా అని నువ్వు చూస్తావు సరే. అది చేసే పని మంచిదా కాదా అని మీ ఆఫీసులో ఎవరు చూస్తారు?" ఆలోచించా. ఎవరు చూస్తారో నిజంగానే నాకు తెలియదు.

ఆప్షన్లకి ఇంకా నాలుగు రోజులుంది. అన్నీ ఫోన్‌లోకి వెళ్లిపోయిన ఈ రోజుల్లో బీఏ చదవడం పిచ్చితనమా? తిట్టేవాళ్లు తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

నెల్లూరు కారం
పిచ్చితనమే. కారణం: ఫీజు కట్టేది మీ బావ.

రొయ్యల రాజా
రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె చూశా, ఉద్యోగం రొట్టె చూశా, వీసా రొట్టె చూశా. బీఏ రొట్టె కావాలని నీళ్లలో నిలబడ్డవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

బీటెక్ బాధితుడు
ఆమె అడిగిన ప్రశ్నకి మా కాలేజీలో సబ్జెక్టే ఉంది, కంగారు పడకండి. పేరు యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్. ఇంజనీరింగ్ చదువుల్ని చూసే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన మోడల్ కరిక్యులంతో వచ్చింది. ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. అంటే మనిషి విలువ మొత్తం వందకి.

పోయిన సెమిస్టర్ రాశా. "సహజ స్వీకృతి అంటే ఏమిటి, ఉదాహరణతో వివరింపుము." ఇలాంటివి ఓ ఇరవై ప్రశ్నలు తిప్పి తిప్పి ఇస్తారు, సీనియర్ల పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతూ ఉంటుంది. చెప్పేది మా మెకానికల్ సారు. ఆయన తప్పు లేదు, వర్క్‌లోడ్ తగ్గిందని ఆయనకి అంటగట్టారు. నిజాయితీ మీద అసైన్‌మెంట్ ఇస్తే అరవై మందిలో సగం మంది చాట్‌జీపీటీతో రాయించారు. అందులో నేనూ ఉన్నా. తొమ్మిదిన్నర వచ్చాయి పదికి.

నెల్లూరు కారం
ఆ అర మార్కు ఎందుకు తగ్గిందంటావు?

బీటెక్ బాధితుడు
ఇండెక్స్ పేజీ పెట్టలేదు.

పెన్నా ఒడ్డు
నవ్వుకున్నాం బాగానే ఉంది. కానీ ఇంజనీరింగులో అసలు విలువలు అన్న మాటే వినపడని రోజుల్లో మేం చదివాం. మాకు కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఒకటుండేది, అంటే టై ఎలా కట్టుకోవాలి, చెయ్యి ఎలా కలపాలి. దాంతో పోలిస్తే ఇది నయం కాదా? పుస్తకం చెడ్డది కాదు, నేను చదివా. దాన్ని మార్కుల మిషన్లో వేసి తిప్పారు, అదీ బాధ.

చీమకుర్తి రాయి
నేను పచ్చిగా మాట్లాడతా, ఏమనుకోకండి. మా అన్న 2012లో బీఏ పూర్తి చేశాడు. ఇప్పుడు ఒంగోలులో జిరాక్స్ షాపు. నాకంటే వంద రెట్లు తెలివైనవాడు. పేపర్ చదివి, ఈ ప్రభుత్వం ఆర్నెల్ల తర్వాత ఏం చేస్తుందో ముందే చెప్పేవాడు. నేను డిప్లొమా చేసి గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ల ప్రోగ్రామింగ్ చూస్తా. మా ఇంట్లో ఈఎంఐ కట్టేది నేను. విలువల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈఎంఐ గురించి మాట్లాడాలి.

కందుకూరోడు
మీ అన్నయ్య చేసింది తప్పు కాదు, మన దగ్గర బీఏని అలా తయారు చేశారు. గైడు కొనుక్కో, పదిహేను ప్రశ్నలు బట్టీ పట్టు, పాసైపో. అది లిబరల్ ఆర్ట్స్ కాదు, దానికి పట్టిన బూజు.

ఇంకో మాట, మా ఊరు 2022లో ప్రకాశం నుంచి నెల్లూరుకి మారింది కాబట్టి నేను ఇప్పుడు రెండు జిల్లాల తరఫునా మాట్లాడగలను.

రొయ్యల రాజా
మీ ఊరు మారినా మీ కుంటలో నీళ్లు మారలేదు అబ్బయా.

సముద్రం పక్క సుధ
పిల్ల అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. మా నాయనమ్మ సంగతి చెప్తా.

టంగుటూరు వైపు మా ఊరు. నాయనమ్మ నలభై ఏళ్లు పొగాకు పనికి వెళ్లింది. ఆకు కొట్టడం, తోరణాలు గుచ్చడం, గ్రేడింగ్. ఆ జిగురు చేతికి పడితే సబ్బుతో పోదు, మట్టి వేసి రుద్దుకునేది. రుద్దీ రుద్దీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలిముద్రల మిషన్ వచ్చినప్పటి నుంచి ప్రతి నెలా అదే తంతు. వేలు పెడుతుంది, ఎర్ర లైటు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది, ఎర్ర లైటు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి. వెనకాల క్యూలో వాళ్లు "అవ్వా, పక్కకి జరుగు" అంటారు. ఒకసారి ఇంటికొచ్చి నన్ను అడిగింది, "నేను నేను కాదంటోందే ఆ మిషను, మరి నేనెవరినే?" అని. నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ మిషన్ చేసినవాళ్లలో ఒక్కరైనా పొగాకు కూలీ చేతిని పట్టుకుని చూశారా? నా డౌట్ అంతే.

చీమకుర్తి రాయి
సుధ గారూ, అవ్వ విషయం బాధే. కానీ మిషన్ రాకముందు మా ఊళ్లో డీలరు ఏం చేసేవాడో కూడా చెప్పాలి. సరుకు రాలేదు అనేవాడు, సాయంత్రం ఆటోలో తోలేసేవాడు. చచ్చిపోయినవాళ్ల పేరు మీద కార్డులు. మిషన్ వచ్చాకే అది తగ్గింది. ఆ డీలరు బీఏ, తెలుసా?

సముద్రం పక్క సుధ
మిషన్ తీసెయ్యమని నేను అనలేదు. వేలు పడకపోతే ఏం చెయ్యాలి అన్నది మొదటి రోజే ఎందుకు ఆలోచించలేదు అంటున్నా. తర్వాత కంటిపాప స్కానర్ పెట్టారు, కొంత నయమైంది. అప్పటికి ఎన్ని నెలలు ఎన్ని చేతులు ఖాళీగా వెనక్కి వెళ్లాయో ఎవరు లెక్క పెట్టారు?

కావలి కుర్రోడు
టెస్టర్‌గా చెప్తున్నా. మేం టెస్ట్ కేసులు రాసేటప్పుడు "వేలిముద్ర సరిపోలలేదు" అన్నది పాస్ కింద లెక్క. సిస్టమ్ సరిగ్గానే కాదంది కదా, టిక్ పెట్టేస్తాం. ఆ కాదనిపించుకున్న మనిషి క్యూలో నిలబడి ఉందన్నదానికి మా ఎక్సెల్ షీటులో కాలమ్ లేదు. సుధ గారు చెప్పాక పొద్దున్నుంచీ నా మనసు మనసులో లేదు.

పేరు వద్దు 07
చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నా. ఇక్కడ ఎవరికీ నేను తెలియను కాబట్టి చెప్తా.

బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో ఆండ్రాయిడ్ డెవలపర్‌గా చేశా. లోన్ యాప్. నాకు వచ్చిన పని ఇంతే: కాంటాక్ట్స్ పర్మిషన్ ఇవ్వకపోతే తర్వాతి స్క్రీనుకు వెళ్లనివ్వకూడదు. పర్మిషన్ ఇవ్వగానే మొత్తం ఫోన్ బుక్ సర్వర్‌కి ఎక్కించాలి. రెండు రోజుల పని. ఒకటిన్నర రోజులో చేసేశా, మేనేజర్ మెచ్చుకున్నాడు. ఎందుకు అని అడగాలని కూడా తోచలేదు. "ఫ్రాడ్ చెక్ కోసం" అన్నారు, ఓకే అన్నా.

ఏడాదిన్నర తర్వాత సంక్రాంతికి ఇంటికొచ్చా, ఆత్మకూరు వైపు. మా అమ్మకి ఫోను వచ్చింది. "ఫలానా అమ్మాయి మీకు తెలుసా, అప్పు ఎగ్గొట్టింది, దొంగ" అని హిందీ యాసలో తెలుగు. ఆ అమ్మాయి మా వీధిలో టైలరింగ్ చేస్తుంది. తీసుకుంది నాలుగు వేలు. అందరికీ అలాగే ఫోన్లు వెళ్లాయి. జాకెట్లు ఇచ్చినవాళ్లంతా ఒక్కొక్కరూ వచ్చి కుట్టకుండానే వెనక్కి తీసుకెళ్లారు. అది మా కంపెనీ యాపో కాదో తెలియదు. కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేక.

ఇప్పుడు ఆ పని చెయ్యట్లేదు.

పెన్నా ఒడ్డు
చెప్పినందుకు థాంక్స్ బ్రదర్. తెలియనివాళ్ల కోసం ఒక మాట: రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో రూలు తెచ్చింది, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లో కాంటాక్ట్ లిస్టు, ఫోటోలు, కాల్ లాగ్‌ల జోలికి పోకూడదని. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లో లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫోటోలు ఆపేసింది. రూలు బయట తిరిగేవి ఇంకా ఉన్నాయి, జాగ్రత్త.

నెల్లూరు కారం
బాధగానే ఉంది. కానీ ఒకటి అడగాలి. బీఏ చదివుంటే నువ్వు ఆ కోడ్ రాసేవాడివి కాదా? ఆ ఫోన్లు చేసిన కుర్రాళ్లలో బీఏ వాళ్లు, బీకాం వాళ్లు ఉండరా? కవిత్వం చదివినవాడు వడ్డీకి ఇవ్వడా? మా వీధిలో పద్యాలు నోటికి చెప్పే ఆయన నూటికి ఐదు రూపాయల వడ్డీ తీసుకుంటాడు.

పేరు వద్దు 07
ఏమో అన్నా. చదువు మార్చేదో లేదో చెప్పలేను. నాలుగేళ్ల బీటెక్‌లో "ఇది ఎందుకు?" అని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. అలవాటు లేదంతే.

రిటైర్డ్ మాస్టారు
నేను ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పాను. కారం గారి ప్రశ్న సరైనదే. సాహిత్యం చదివితే మంచివాళ్లు అయిపోతారని నేను ఎప్పుడూ అనను. స్టాఫ్ రూములో ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నవాడు ఆ మాట అనలేడు.

కానీ ఒకటి జరుగుతుంది, అది కళ్లారా చూశాను. తిక్కన గారు విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాసింది ఈ నెల్లూరులోనే కదా, మనుమసిద్ధి కాలంలో. ఉద్యోగపర్వంలో రాయబారాలు ఉంటాయి. అందులో ప్రతివాడూ తన న్యాయం తాను మాట్లాడతాడు, ఏ ఒక్కడి మాటా తేలిపోదు. నేను క్లాసులో పద్యాలకి అర్థాలు చెప్పేసి ఒక పని పెట్టేవాణ్ణి: లేచి నిలబడి దుర్యోధనుడి పక్షాన ఐదు నిమిషాలు మాట్లాడాలి. వెటకారం చెయ్యకూడదు, నిజంగా గెలవాలని మాట్లాడాలి.

ఒక ఏడాది ఉదయగిరి వైపు కుర్రాడు లేచాడు. వాళ్ల ఇంట్లో పొలం గట్టు తగాదా ఉందని నాకు తెలియదు. బాగా మాట్లాడుతున్నాడు, "సూది మొన మోపినంత కూడా ఇవ్వను" దగ్గరికొచ్చి ఆగిపోయాడు. "సార్, మా బాబాయి ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుకుంటూ ఉంటారేమో" అన్నాడు. కూర్చున్నాడు. తగాదా తీరిందా అని అడక్కండి, తీరలేదు. కోర్టులోనే ఉంది.

బీటెక్ బాధితుడు
మాస్టారూ, మా హ్యూమన్ వాల్యూస్ మీరు చెప్పుంటే నేను చాట్‌జీపీటీని అడిగేవాణ్ణి కాదు.

రిటైర్డ్ మాస్టారు
అడిగేవాడివే నాయనా. నా కాలంలో గైడు ఉండేది.

కందుకూరోడు
హహ. మాస్టారికి వంద మార్కులు, ఇండెక్స్ పేజీతో సహా.

ఉలవపాడు మామిడి
కంపెనీలకి మన భాషలు, మన మనుషులు కనపడరు అనే దానికి ఒక తమాషా ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో తెలుగులో జ్ఞానం అని టైప్ చేసి పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి, గుర్తుందా? ప్రపంచంలో అంత ఖరీదైన ఫోను మన జ్ఞానానికి తట్టుకోలేకపోయింది.

పెన్నా ఒడ్డు
చిన్న సవరణ. మామూలుగా జ్ఞానం అని రాస్తే ఏం కాలేదు. "జ్ఞా" అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేరితే, ఆ కూర్పును తెర మీద గీయలేక యాప్‌లు పడిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఒత్తుల భాష తెలిసినవాడు టెస్టింగ్‌లో ఉంటే ముందే దొరికేదా అంటే, చెప్పలేం. కానీ దొరికే అవకాశం ఎక్కువుండేది.

ఉలవపాడు మామిడి
మంచి జోకుని చంపేశావు కదయ్యా.

దూబగుంట పక్కూరు
చదువు గురించి మా జిల్లాలో మాట్లాడుతూ ఇంతవరకు ఎవరూ సారా ఉద్యమం పేరెత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. మా అమ్మ 1990ల మొదట్లో అక్షరాస్యత రాత్రి బడికి వెళ్లింది. పగలంతా వరికోత, రాత్రి లాంతరు కింద పలక. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించిన కథ. అది చదివాకే దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా ఆపారు, అక్కణ్ణుంచి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించింది.

మా అమ్మ చెప్పేది, కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరం చదువుతుంటే, "సా...రా..." అనేసరికి వరుసలో అందరూ తలెత్తి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారట. ఆ పాఠం రాసినవాళ్లకి ఆ ఇళ్లల్లో సాయంత్రం ఏడు తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. ఇప్పుడు మా అమ్మ ఫోన్‌లో ఒక చదువు యాప్ ఉంది. ఏం చూసినా "వావ్, సూపర్!" అని నక్షత్రాలు రాలుస్తుంది. రెండు రోజులు చూసి, "ఇదేందిరా, దీనికి నా గొడవ తెలీదు" అని పక్కన పడేసింది.

చీమకుర్తి రాయి
ఇది బాగుంది. కానీ అది రాత్రి బడి, బీఏ కాదు. ఉద్యమం చేసినవాళ్లెవరికీ డిగ్రీ లేదు.

దూబగుంట పక్కూరు
పాఠం రాసినవాళ్లకి ఉంది కదన్నా. అలాంటి పాఠం రాయడం ఎవరో ఒకరు నేర్చుకోవాలి కదా.

సింహపురి అక్క
ఇక పనికొచ్చే మాటలు చెప్పుకుందామా? పిల్లకి నాలుగు రోజులే ఉంది, మీరు భారతం దాకా వెళ్లారు. కావలి తమ్ముడూ, ఇది అటో ఇటో కాదు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సు, మానవ శాస్త్రాలు కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ ఉంది, వాళ్ల పరీక్ష వేరే. ఈ ఏడాదికి దాటిపోయి ఉంటుంది, తెలుసుకుని ఉంచుకోండి. తడ దాటితే శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది, లిబరల్ ఆర్ట్స్ చెప్పడానికే పెట్టారు, కానీ ఫీజు లక్షల్లో. మీ బావ మళ్లీ అన్నం మానేస్తాడు.

మా ఇంట్లో చేసింది ఇది: మా అబ్బాయి మామూలు గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో ఆర్ట్స్‌లో చేరాడు. పక్కన మద్రాస్ ఐఐటీ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్, డేటా సైన్స్ చేస్తున్నాడు. 2020లో మొదలైంది అది. క్వాలిఫయర్ అని వాళ్ల అర్హత పరీక్ష దాటితే చాలు, జేఈఈ అక్కర్లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022లోనే ఒప్పుకుంది. ఆదివారాలు పరీక్షలకి వెళ్లాలి, కష్టమే. మొదటి టర్మ్ స్టాటిస్టిక్స్‌లో పోయింది, ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. తర్వాత గాడిలో పడ్డాడు.

నెల్లూరు కారం
అక్కా, ఇది ముందే చెప్పుంటే ఇన్ని పోస్టులు పడేవి కాదు.

సింహపురి అక్క
పొద్దున చేపల పులుసు పెడుతున్నా, ఇప్పుడు తీరింది.

రొయ్యల రాజా
మామిడికాయ వేశారా?

సింహపురి అక్క
వెయ్యకుండా నెల్లూరులో బతకనిస్తారా.

చీమకుర్తి రాయి
అక్క చెప్పిన దారి నాకూ నచ్చింది. మా అన్నకి అప్పట్లో ఇలాంటిది లేదు. ఒక్క హెచ్చరిక: రెండు పడవలు అనుకుని చివరికి రెండూ సగం సగం చదవకూడదు. మా అన్న షాపుకి వచ్చే పిల్లల్లో అలాంటివాళ్లు ఉన్నారు.

కావలి కుర్రోడు
అప్‌డేట్. నిన్న రాత్రి ఇదంతా మా బావకి చదివి వినిపించా. పేరు వద్దు గారి పోస్టు దగ్గర ఆపమన్నాడు. షాపు కట్టేసే టైము, సిమెంటు బస్తాల మీద కూర్చున్నాం. కాసేపాగి, "మన షాపుకొచ్చే మేస్త్రికి కూడా ఇట్టాంటి ఫోన్లు వచ్చాయి రా, వాడు చేసిన అప్పు కాదు, బావమరిది చేసింది" అన్నాడు. ఇంకేం అనలేదు. బీఏకి ఒప్పుకున్నట్టా అని అడిగా. "ముందు అన్నం తిందాం పద" అన్నాడు.

పిల్ల నా పక్కనే ఉంది, తనే టైప్ చేస్తానంటోంది.

కావలి కుర్రోడు
నేను మేనకోడల్ని. అందరూ రాసినవి చదివాను. మామయ్య ఒకటి తప్పు చెప్పాడు, తెచ్చింది రెండు పుస్తకాలు కాదు, ఐదు. మూడు లైబ్రరీవి, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

సుధ అక్కా, మీ నాయనమ్మకి ఇప్పుడు బియ్యం సరిగ్గా వస్తున్నాయా? సింహపురి ఆంటీ, ఆన్‌లైన్ బీఎస్ క్వాలిఫయర్‌కి మీ అబ్బాయి ఎన్ని వారాలు చదివాడు? ఇంకా, నెల్లూరులో హిస్టరీ మేజర్ ఉండి, ఆడపిల్లల హాస్టల్ కూడా ఉన్న కాలేజీ ఏది? వెబ్‌సైట్‌లో ఉంది అని చూపిస్తోంది, ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.

సముద్రం పక్క సుధ
వస్తున్నాయమ్మా. కన్ను చూపిస్తుంది. అయినా అలవాటు పోక ముందు వేలు పెడుతుంది.

సింహపురి అక్క
నాలుగు వారాలు. హాస్టల్ సంగతి సోమవారం కాలేజీకి వెళ్లి కనుక్కుని చెప్తా, ఫోన్లు వాళ్లు ఎత్తరు. సర్టిఫికెట్లు మూడు సెట్లు జిరాక్స్ తీయించి పెట్టుకో.

చీమకుర్తి రాయి
జిరాక్స్‌కి ఒంగోలు వస్తే మా అన్న దగ్గరికి రండి. పేజీకి రూపాయి, రాజకీయాలు ఫ్రీ.